టైరు అమ్మేవాళ్లు రిమ్ వెడల్పు అడగరేం?

సంపాదకుడు గారికి,

కారుకు వెడల్పాటి టైర్లు వేయించుకోవడం ఇప్పుడొక మోజు. నేనూ ఆ మోజులో పడ్డవాణ్ణే. నా కారుకు కంపెనీ ఇచ్చినవి 185/65 ఆర్15 టైర్లు. ఇందులో 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 15 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. అవి అరిగాక కొత్తవాటి కోసం వెళ్తే, "205/65 వేయించండి సార్, గ్రిప్ బాగుంటుంది, లుక్కూ బాగుంటుంది" అన్నాడు షాపతను. సరేనన్నాను. రిమ్ వెడల్పు ఎంతని అతను అడగలేదు, నాకూ తెలియదు.

నెల తిరక్కముందే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడల్లా టైరు లోపల రాసుకుంటున్న చప్పుడు మొదలైంది. మలుపుల్లో బండి కాస్త ఊగుతున్నట్టు అనిపించేది. చక్రం విప్పించి చూస్తే రిమ్ మీద 5జె అని ఉంది, అంటే 5 అంగుళాల వెడల్పు. 205/65 టైరుకు కనీసం ఐదున్నర అంగుళాల రిమ్ ఉండాలి. ఇరుకు రిమ్‌కు వెడల్పు టైరు ఎక్కిస్తే పక్కలు పొట్టలా ఉబ్బుతాయి, నడిమి భాగం పైకి లేచి అక్కడే త్వరగా అరుగుతుంది. డబ్బు పెట్టి కొన్న ఆ అదనపు వెడల్పు రోడ్డుకు సరిగ్గా ఆననే ఆనదు! వెడల్పు రిమ్‌కు సన్న టైరు తొడిగితే ఇంకో తంటా. పక్కలు సాగిపోయి, పెద్ద గతుకులో పడ్డప్పుడు టైరు అంచు రిమ్ నుంచి జారే ప్రమాదం ఉంది.

గీత తర్వాతి 65 గురించి కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది. అది మిల్లీమీటర్లు కాదు, టైరు పక్క ఎత్తు దాని వెడల్పులో ఎంత శాతమో చెప్పే అంకె. అందుకే 185 టైరు పక్క ఎత్తు 120 మిల్లీమీటర్లయితే, 205ది 133. మొత్తం చక్రమే 4 శాతం పెద్దదైంది. మీటరు చూపేదానికన్నా బండి ఆ మేరకు వేగంగా పోతుందన్నమాట. ఇక వానలో, టైరు ఎంత వెడల్పయితే కింద నీటిని పక్కకు తోసేయడం అంత కష్టం. మైలేజీ సంగతి సరేసరి.

ఇది నా ఒక్కడి ఇబ్బందే అయితే మీకు రాసేవాణ్ణి కాదు. పట్టు తప్పిన కారు ఎదురొచ్చే వాళ్లనూ గుద్దుతుంది కదా. ఏ సైజు టైరుకు ఎంత రిమ్ కావాలో టైర్ల కంపెనీల పట్టికల్లో ఉంటుంది. ఆ కాగితం షాపు గోడకు అతికించడానికి ఎంత ఖర్చవుతుంది? బిల్లు మీద టైరు సైజు పక్కనే రిమ్ వెడల్పు కూడా రాయాలని రవాణా అధికారులు నిబంధన పెట్టాలి. డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద గాలి ఎంత పట్టాలో వేస్తున్న కార్ల కంపెనీలు, ఆ కారుకు వేయదగిన టైరు సైజులన్నీ అక్కడే అచ్చు వేస్తే మా బోటివాళ్లకు ఈ టెన్షన్ ఉండదు.

నేను మళ్లీ 185కే వచ్చాను. విప్పిన నాలుగూ వరండాలో పడి ఉన్నాయి. ఎవరికైనా అమ్మేయమంటోంది మా ఆవిడ. కొనేవాళ్ల రిమ్ చూశాకే ఇస్తానని చెప్పాను.

ఇట్లు,
ఒక పాఠకుడు