మన హైస్కూల్ కంప్యూటర్ గది: జమా ఖర్చుల వివరణ
(2025 జూన్ 15 నుంచి 2026 జనవరి 31 వరకు)

గ్రామస్థులకు, పూర్వ విద్యార్థులకు, చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ కమిటీ తరఫున నమస్కారాలు.

ముందుగా మొత్తాలు. జమ 3,72,014 రూపాయలు. ఖర్చు 3,08,235 రూపాయలు. నిల్వ 63,779 రూపాయలు. ఇందులో 62,954 బ్యాంకు ఖాతాలో ఉంది, 825 చేతిలో ఉంది.

జమలో పెద్ద వాటా గల్ఫ్‌లో పనిచేస్తున్న మనవాళ్లది. దుబాయ్, దోహా, రియాద్‌ల నుంచి 31 మంది కలిసి 1,46,500 పంపారు. అందులో ఒకే గదిలో ఉండే ఆరుగురు ఒక నెల ఓవర్‌టైం డబ్బులు కలిపి 18,000 వేశారు. హైదరాబాద్, పుణె, ఇతర ఊళ్లలో ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థుల నుంచి 1,12,000 వచ్చింది. ఊళ్లో నాలుగు రశీదు పుస్తకాల మీద వసూలైంది 88,350. అందులో చాలా రశీదులు 50, 100 రూపాయలవి. బీడీలు చుట్టి సంపాదించిన డబ్బు అది, ఎంత కష్టం మీద వచ్చిందో మాకు తెలుసు. అందుకే ఈ లెక్క ఇంత వివరంగా రాస్తున్నాం. మన స్కూలు సార్లు, మేడమ్‌లు 24,000 ఇచ్చారు. బ్యాంకు వడ్డీ 1,164.

ఇక ఖర్చు. ఊళ్లో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది: "కంప్యూటర్లకు లక్షా ముప్పై నాలుగు వేలే అయితే, మిగతా లక్షా డెబ్బై చిల్లర ఎటుపోయింది?" అడగాల్సిన ప్రశ్నే.

ఇదే గదిలో ఒకప్పుడు కంప్యూటర్లు ఉండేవి. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో ఐదేళ్ల ఒప్పందం మీద వేల హైస్కూళ్లకు కంప్యూటర్లు వచ్చాయి, మన బడికీ వచ్చాయి. ఒప్పందం అయిపోయాక నేర్పే మనిషి లేడు. యూపీఎస్ బ్యాటరీలు పోతే మార్చడానికి పైసా లేదు. కప్పు కురిసింది, ఎలుకలు వైర్లు కొరికాయి. రెండేళ్లలో గదికి తాళం పడింది. ఆ పాత పరికరాలు ఇప్పటికీ స్కూలు స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నాయి. వాటిని అమ్మితే కొంత వచ్చేది కదా అన్నారు కొందరు. అది ప్రభుత్వ ఆస్తి, ముట్టుకునే హక్కు మనకు లేదు.

అందుకే ఈసారి ముందు గదిని బాగుచేసి, తర్వాతే కంప్యూటర్లు కొన్నాం. కప్పు మరమ్మతుకు 9,200. కిటికీలకు ఇనుప జాలి, తలుపుకు గ్రిల్, తాళాలు 17,850. కొత్త వైరింగ్, స్విచ్ బోర్డులు, ఎర్తింగ్ 38,600. స్కూలుకు ఎర్తింగ్ ఉందనే అందరం అనుకున్నాం. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే తీగ ఉంది కానీ భూమిలోకి దిగనే లేదు. కొత్తగా గుంత తవ్వించి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్పించాం. పిల్లలు చేతులు పెట్టే యంత్రాలు కాబట్టి ఇక్కడ బేరం ఆడలేదు. ఇన్వర్టర్, మూడు బ్యాటరీలు 62,400. పొలం మోటార్లు నడిచే వేళ మన ఊళ్లో ఓల్టేజీ ఎలా పడిపోతుందో వేరే చెప్పక్కర్లేదు. బల్లలకు వడ్రంగి కూలి, సామాను 21,000. కర్ర ఒక దాత ఉచితంగా ఇచ్చారు, పేరు రాయొద్దన్నారు.

కంప్యూటర్లు 12. కొత్తవి కావు, కంపెనీలు వాడి అమ్మేసినవి. ఒక్కోటి మానిటర్‌తో కలిపి 9,500 చొప్పున 1,14,000. విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోతున్నాయని, పాత ప్రాసెసర్ల మీద విండోస్ 11 ఎక్కదని చాలా కంపెనీలు మంచి యంత్రాలనే తీసేశాయి. మనకు కలిసొచ్చింది. వేగం కోసం ఒక్కోదానికి 1,700 పెట్టి ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ వేయించాం, 20,400. దసరా సెలవుల్లో మన బడిలో చదివిన ఇద్దరు కుర్రాళ్లు వచ్చి అన్నిటిలో విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే ఉబుంటు ఎక్కించారు. దానికి లైసెన్స్ డబ్బు లేదు. "విండోస్ రాకపోతే ఉద్యోగం ఎలా వస్తుంది?" అని తల్లిదండ్రులు కొందరు టెన్షన్ పడ్డారు. లెక్కల పట్టిక వేయడం, ఉత్తరం టైపు చేయడం, ఫైలు దాచుకోవడం ఉబుంటుతో వచ్చే లిబ్రే ఆఫీస్‌లో వచ్చిన పిల్లకు ఇంకోదానిలో చేయడానికి వారం చాలు.

నెట్ మీద ఆధారపడలేదు. ఒక కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టి (మిగతావి పాఠాలు దాన్నుంచే తీసుకుంటాయి), 5,600కు పెద్ద హార్డ్ డిస్క్, 7,300కు నెట్‌వర్క్ స్విచ్, కేబుళ్లు కొన్నాం. నెట్ లేకుండా చదివించే కివిక్స్ ద్వారా తెలుగు వికీపీడియా, లెక్కలకు జియోజీబ్రా, సైన్సుకు కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ అనే తెర మీది ప్రయోగాలు అందులోనే ఉన్నాయి. నెలనెలా బిల్లు లేదు. నవంబర్ 14న గది తెరిచాక ఫిజిక్స్ సార్ పదో తరగతిని తీసుకెళ్లి విద్యుత్ వలయాలు తెర మీదే కట్టించారు. బల్బులు శ్రేణిలో పెడితే వెలుగు ఎందుకు తగ్గుతుందో పిల్లలే తీగలు మార్చి చూసి చెప్పారు. మేము కోరుకున్నది ఇదే. ఈ గది ఒక్క కంప్యూటర్ పీరియడ్‌కే కాదు, లెక్కల సారూ తెలుగు మేడమూ వాడాలి. వాడకం రిజిస్టర్ గదిలోనే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు.

రవాణా 4,500. రశీదు పుస్తకాలు, జిరాక్స్, బ్యాంకు చార్జీలు 1,385. ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీలు, శాలువాలు కొనలేదు.

చివరి పద్దు 6,000, నష్టం. జులైలో ఒక దుకాణంలో ఇన్వర్టర్‌కు 15,000 అడ్వాన్స్ ఇచ్చాం, సరైన రశీదు తీసుకోలేదు. సరుకు రాలేదు. ఎన్నోసార్లు తిరిగితే 9,000 వెనక్కి వచ్చింది. తప్పు మాదే, ఊరి డబ్బుతో తొందరపడ్డాం.

నిల్వ 63,779 ఎందుకు ఖర్చు పెట్టలేదంటే, బ్యాటరీలు నాలుగైదేళ్లకు మార్చాల్సిందే. పాత గది మూతపడింది అక్కడే. ఇందులో 50,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తున్నాం. హెడ్మాస్టర్, కమిటీ కోశాధికారి, ఒక విద్యార్థి తల్లి, ఈ ముగ్గురి సంతకాలు లేకుండా అది తీయడం కుదరదు. మిగిలింది మౌస్‌లు, కీబోర్డుల వంటి చిన్న రిపేర్లకు.

బిల్లులు, వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఫిబ్రవరి నెలంతా ప్రతి శనివారం సాయంత్రం బడిలో ఉంటాయి. పోయిన 6,000 మార్చి 31లోగా, అడ్వాన్స్ ఇచ్చిన ముగ్గురు కమిటీ సభ్యులం తలా 2,000 కట్టి ఖాతాలో జమ చేస్తాం. ఆ రశీదు నకలు పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటిస్తాం.

ఇట్లు,
కంప్యూటర్ గది నిర్వహణ కమిటీ