సైలెన్సర్‌ను క్యాబిన్‌లో కూర్చుని విన్నాకే కొనాలి

ఎడిటర్ గారికి,

నమస్కారం. పికప్ బండికి బయట దొరికే సైలెన్సర్ల గురించి మీ వాహనాల పేజీలో వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇలాంటి విషయం మీద ఎవరూ రాయరు, మీరు రాయించారు, సంతోషం. కానీ మోత పెరిగితే బండి లాగుడు కూడా పెరుగుతుందన్న అర్థం వచ్చేలా రాయడం, దాని పక్కనే వేసిన ఫొటో, ఈ రెండూ నన్ను కలవరపెట్టాయి. ఫొటో సంగతి చివర్లో చెబుతాను. నేను పదిహేడేళ్లుగా పికప్ నడుపుతున్నాను. రోజుకు ఆరేడు గంటలు ఆ సీట్లోనే గడుస్తాయి.

నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ బండి. కంపెనీ సైలెన్సర్ తొమ్మిదో ఏట పోయింది. పైకి బాగానే కనిపించేది. అడుగున స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే తడిసిన అట్టలోకి దిగినట్టు లోపలికి దిగిపోయింది. పెట్రోల్ మండితే నీళ్లు పుడతాయి, లీటరు పెట్రోల్‌కు దాదాపు లీటరు నీళ్లు. దూరం వెళ్లే బండిలో పైపు బాగా వేడెక్కి ఆవిరి బయటకు పోతుంది. నాలాగా దగ్గరదగ్గర ట్రిప్పులు తిరిగితే ఆ నీళ్లు సైలెన్సర్ అడుగునే నిలిచి, లోపలి నుంచి తినేస్తాయి.

కొత్తది వేయించడానికి వెళ్లినచోట మూడు రకాలు చూపించారు. ఒక్కోదాన్ని వేరే బండి మీద స్టార్ట్ చేసి, ఎక్సలేటర్ రెండుసార్లు తొక్కి వినిపించారు. నేను బయట నిలబడి విన్నాను. స్ట్రెయిట్ టైపు సైలెన్సర్ మోత గుండెకు తగిలినట్టు అనిపించింది, అదే కావాలన్నాను. మూడు అంగుళాల పైపు వేస్తే ఇంజిన్ ఫ్రీ అవుతుందన్నారు, దానికీ సరేనన్నాను.

మర్నాడు లోడుతో టాప్ గేరులో వెళుతుంటే 1,900 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఒక హోరు మొదలైంది. అది పెరగదు, తగ్గదు, ఆగదు. వెనక అద్దం మీద అరచేయి ఆనించి చూస్తే అద్దం మొత్తం సన్నగా వణుకుతోంది. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన తాళంచెవి తనంతట తాను జరుగుతోంది. 1,600కు దిగితే హోరు లేదు, 2,300 దాటితే లేదు. కానీ లోడు బండి రోజంతా నడిచేది ఆ మధ్యలోనే.

కారణం తర్వాత తెలుసుకున్నాను. ఫోర్ స్ట్రోక్, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఒక్క చుట్టు తిరిగేసరికి రెండు సిలిండర్లలో పెట్రోల్ మండుతుంది. నిమిషానికి 1,900 చుట్లంటే సెకనుకు 63 దెబ్బలు. ఆ 63 హెర్ట్జ్ దగ్గర క్యాబిన్ డోలులా పలుకుతోంది. పైగా లోడు ఉంటే అదే ఆర్‌పీఎం దగ్గర ఎక్సలేటర్ ఎక్కువ తొక్కాలి, పొగ బలంగా వస్తుంది, హోరు ఇంకా పెరుగుతుంది. షాపులో బండి నిలబెట్టి ఎక్సలేటర్ తొక్కినప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఈ చోటును అర సెకనులో దాటేస్తుంది. ఇంజిన్ మీద లోడూ ఉండదు. అందుకే అక్కడ నాకు ఏమీ తెలియలేదు.

శబ్దాన్ని కొలిచే డెసిబెల్ అంకె చూసి కొనమని మీ వ్యాసంలో ఉంది. ఆ అంకెను కొట్టిపారేయను. నియోష్ అనే అమెరికా సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండకూడదు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది, అంటే 88 దగ్గర నాలుగు గంటలే. కానీ మామూలుగా రాసే డెసిబెల్స్ ‘ఏ’ స్కేలు మీద కొలిచినవి. మన చెవికి లోతు శబ్దాలు తక్కువగా వినిపిస్తాయి కాబట్టి ఆ స్కేలు వాటిని తగ్గించి చూపిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 26 డెసిబెల్స్ తగ్గిస్తుంది. అద్దాన్ని వణికించే హోరు మీటరులో సగం కూడా కనపడదన్నమాట. నిలబెట్టిన బండికి చేసే పరీక్షలో మైకు పెట్టేది కూడా పైపు చివరి నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో. డ్రైవర్ చెవి దగ్గర కాదు.

లాగుడు సంగతి కూడా చెప్పాలి. నా బండి అసలు పైపు రెండుంపావు అంగుళాలు. మూడు అంగుళాలంటే ముప్పావే కదా తేడా అనుకున్నాను. పైపు లోపలి జాగా లెక్కవేస్తే దాదాపు 78 శాతం ఎక్కువ. పొగ అంత వెడల్పులోకి వెళ్లేసరికి వేగం పడిపోతుంది. ఇంజిన్‌కు కొంత అడ్డు ఉండాలని చాలామంది మెకానిక్‌లు అంటారు. అడ్డు ఏ ఇంజిన్‌కూ అవసరం లేదు, పొగ పైపులో వేగంగా సాగిపోవడం అవసరం. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నా బండి ఇదివరకటి కంటే బరువుగా కదిలింది. బాగా పైన, 4,000 దాటాక కొంచెం చురుకు వచ్చి ఉండవచ్చు. సామాను మోసే బండిని అక్కడిదాకా ఎవరు తొక్కుతారు?

ఇంకో పొరపాటు నిండా లోడు వేసిన రోజున బయటపడింది. పైపు బెండు తీసినప్పుడు బండి లిఫ్ట్ మీద ఉంది, వెనక యాక్సిల్ కిందికి వేలాడుతోంది. లోడు పడి కమాన్లు కుంగగానే యాక్సిల్ పైకి వచ్చి పైపుకు తగిలింది. ప్రతి గతుకు దగ్గరా టక్కుమని కొట్టేది. వంగి చూస్తే బ్రేకు గొట్టానికీ వేడి పైపుకూ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేదు. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది.

రెండోసారి వేరే మెకానిక్ దగ్గరకు వెళ్లాను. ఈసారి నిండు లోడుతోనే వెళ్లాను. ముందు లోపల ఏముంటుందో చెప్పమన్నాను. ఆయన ఓపిగ్గా, కోసి పెట్టిన పాత సైలెన్సర్లు తెచ్చి చూపించారు. స్ట్రెయిట్ టైపులో చిల్లుల గొట్టం నేరుగా పోతుంది, చుట్టూ గాజు పీచు కూరి ఉంటుంది. సన్నని కీచు శబ్దాలను ఆ పీచు పీల్చుకుంటుంది, లోతు హోరును అంతగా ఆపలేదు. ఏళ్లు గడిచేకొద్దీ పీచు కాలి ఎగిరిపోయి మోత ఇంకా పెరుగుతుంది. ఛాంబర్ టైపులో పీచు ఉండదు, గదులు ఉంటాయి. శబ్దం గోడలకు కొట్టుకుని వెనక్కి వచ్చి, ఎదురొచ్చే శబ్దాన్ని చంపుతుంది. మూడోది టర్బో టైపు. పేరు అలా ఉన్నా టర్బో బండ్లకే అని కాదు. పొగ అటూ ఇటూ మూడు గొట్టాల్లో తిరిగి బయటపడుతుంది. నేను తీసుకున్నది ఇదే, అందులోనూ దొరికినవాటిలో పెద్ద డబ్బా. లోతు శబ్దాన్ని అణచాలంటే లోపల జాగా కావాలి. చిన్న డబ్బా ఎంత ఖరీదైనదైనా ఆ పని చేయలేదు. పైపు మళ్లీ రెండుంపావుకే వచ్చాను.

అప్పటికీ హోరు మిగిలితే ఒక చివర మూసిన పక్క గొట్టం అతికించవచ్చన్నారు. వేడి పొగలో శబ్దం సెకనుకు 500 మీటర్ల దాకా వెళుతుంది. 63 హెర్ట్జ్‌ను చంపాలంటే ఆ గొట్టం శబ్ద తరంగం పొడవులో నాలుగో వంతు, అంటే దాదాపు రెండు మీటర్లు ఉండాలి. పికప్ కింద అంత చోటు దొరుకుతుంది. నాకు ఆ అవసరం రాలేదు, వచ్చినవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

లోహం విషయంలో అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లండి. 304 స్టెయిన్‌లెస్‌కు అది అంటుకోదు, బెండుల దగ్గర మాత్రం కొద్దిగా లాగవచ్చు. 409 స్టెయిన్‌లెస్‌కు అంటుకుంటుంది, అల్యూమినియం పూత వేసిన మామూలు స్టీలుకూ అంటుకుంటుంది. 304 అని చెప్పి 409 అంటగట్టకుండా ఈ పరీక్ష చాలు. నేను పూత స్టీలే తీసుకున్నాను. వెల్డింగ్ చేసినచోట పూత కాలిపోతుంది కాబట్టి అక్కడ వేడిని తట్టుకునే పెయింటు వేయించాను. యూ బోల్టు క్లాంపు పైపును నొక్కేసి గాడి పడేలా చేస్తుంది, మళ్లీ విప్పడం కష్టం. వెడల్పాటి బ్యాండు క్లాంపు అడగండి. డబ్బా మీద వలయంలో ‘ఈ’ అక్షరం, పక్కన అంకె ముద్ర ఉంటే, అది మీ మోడల్ బండికే ఆమోదం పొందిందో లేదో కాగితాల్లో చూసుకోండి.

వెల్డింగ్‌కు ముందు ఆయన అన్నీ క్లాంపులతోనే బిగించి తాళం నా చేతికిచ్చారు. లోడుతో అరగంట తిప్పాను, ఎక్కువసేపు 1,900 దగ్గరే ఉంచాను. వెనక అద్దం మీద చేయి పెట్టాను. వణుకు లేదు. తిరిగొచ్చాకే వెల్డింగ్ చేయించాను. ఇలా తిప్పి చూడటానికి ఒప్పుకోని చోట సైలెన్సర్ కొనవద్దని నా మనవి.

ఇక ఫొటో. అందులో బండి పైపు క్యాబిన్ వెనకే, తొట్టి కిందనే ఆగిపోయింది. నా మొదటి సైలెన్సర్‌కు కూడా పైపును అలాగే పొట్టిగా కోసేశారు. అది బండికి ఉన్న మూడు వారాలూ నాకు సాయంత్రమయ్యేసరికి తలనొప్పి వచ్చేది, హోరు వల్లే అనుకున్నాను. బండి తీయని ఆదివారాల్లో నొప్పి ఉండేది కాదు. ఒకరోజు మా అబ్బాయి పక్కన కూర్చున్నాడు, గంటకే తల తిరుగుతోందన్నాడు, వాంతి చేసుకున్నాడు. క్యాబిన్ వెనక అద్దం జరిపి ఉంది. బండి కదులుతున్నప్పుడు తొట్టి మీద గాలి సుడి తిరిగి క్యాబిన్ వైపు వస్తుంది, కింద వదిలిన పొగను తెరిచిన అద్దంలోంచి లోపలికి లాక్కొస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. వాడు పదకొండేళ్ల పిల్లాడు. ఆ రోజు బండి ఆపి వాణ్ని రోడ్డు పక్కన కూర్చోబెట్టిన అరగంటను నేను మరచిపోలేను. ఇప్పుడు నా పైపు వెనక చక్రం దాటి, తొట్టి అంచు బయటికి వచ్చి ఆగుతుంది.

ఆ ఫొటో చూసి ఎవరైనా అలాగే కోయించుకోవచ్చు. దయచేసి వచ్చే వారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో, పైపు తొట్టి కింద ఆగకూడదని సవరణ వేయండి. పూర్తి పైపు ఉన్న బండి ఫొటో కావాలంటే నా బండిది పంపుతాను.

ఇట్లు,
ఒక పికప్ డ్రైవర్