బాడెన్-వ్యుర్టెంబర్గ్ తీర్పుకు ఫుకుషిమా ఒక్కటే కారణమా?

సంపాదకులకు నమస్కారం.

జర్మనీలోని బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో 58 ఏళ్లపాటు సాగిన క్రిస్టియన్ డెమొక్రటిక్ యూనియన్ (సీడీయూ) పార్టీ ఏలుబడికి 2011 మార్చి 27 నాటి ఎన్నికలు తెరదించాయి. ఆ ఎన్నికల ప్రస్తావన వచ్చినప్పుడల్లా, జపాన్‌లో ఫుకుషిమా అణుప్రమాదం జరగకపోతే ఆ సంప్రదాయవాద పార్టీ ఓడిపోయేదే కాదన్న ఒక్క వాక్యంతో మన పత్రికలు సరిపెడుతున్నాయి. పోలింగుకు 16 రోజుల ముందు జరిగిన ఆ ప్రమాదం ఓటర్లను కదిలించిందనడంలో సందేహం లేదు. అణువిద్యుత్ కేంద్రాల గడువు పొడిగించాలని అందరికంటే గట్టిగా వాదించిన ముఖ్యమంత్రి స్టెఫాన్ మాప్పుస్, ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ పాత రియాక్టర్లను నిలిపివేయాలని నిర్ణయించగానే, తన రాష్ట్రంలోని నెకర్‌వెస్ట్‌హైమ్, ఫిలిప్స్‌బుర్గ్ కేంద్రాలలో ఒక్కొక్క రియాక్టరు మూతపడడానికి తలూపవలసి వచ్చింది. రాత్రికి రాత్రి మార్చిన ఆ మాటను జనం నమ్మలేదు. అయినా ఆ తీర్పునంతటినీ ఒక్క ప్రమాదం ఖాతాలో వేయడం ఆ రాష్ట్ర ఓటర్లను తక్కువ చేయడమేనని నా అభిప్రాయం.

ఒకసారి అంకెలు చూడండి. 2006లో 53.4 శాతం ఉన్న పోలింగ్ 2011లో 66.3 శాతానికి పెరిగింది. సీడీయూ వాటా 44.2 నుంచి 39 శాతానికి పడిపోయింది గాని, దానికి పడిన ఓట్లు మాత్రం సుమారు పదిహేడున్నర లక్షల నుంచి పంతొమ్మిది లక్షలు దాటాయి. అంటే పాత ఓటర్లు మూకుమ్మడిగా విడిచిపెట్టడం వల్ల ఆ పార్టీ ఓడలేదు. అంతకుముందు ఓటు వేయని లక్షలాది మంది ఈసారి ఇల్లు కదలడం, వారిలో ఎక్కువమంది ప్రతిపక్షం వైపు నిలవడం వల్ల ఓడింది. అణువిద్యుత్‌ను వ్యతిరేకించే పర్యావరణవాద గ్రీన్స్ పార్టీ 11.7 నుంచి 24.2 శాతానికి ఎదిగింది. 138 స్థానాల సభలో సీడీయూ 60 స్థానాలతో అప్పటికీ అతిపెద్ద పార్టీయే. కానీ దాని మిత్రపక్షమైన ఫ్రీ డెమొక్రాట్లకు దక్కినవి 7 మాత్రమే కాగా, గ్రీన్స్‌కు 36, సోషల్ డెమొక్రాట్లకు 35 వచ్చి, ఆ రెండింటికీ కలిపి మెజారిటీ దక్కింది.

ఆ జనాన్ని కదిలించింది పేదరికమో నిరుద్యోగమో కాదు. డైమ్లర్, పోర్షే, బాష్ వంటి సంస్థలకు నెలవైన ఆ రాష్ట్రం జర్మనీలో అత్యంత సంపన్న ప్రాంతాలలో ఒకటి. అక్కడి అసంతృప్తి పాలించే తీరు మీద. స్టుట్‌గార్ట్ రైల్వేస్టేషన్‌ను భూగర్భంలోకి మార్చే ‘స్టుట్‌గార్ట్ 21’ పథకం కోసం నగర ఉద్యానంలో చెట్లు నరకడాన్ని అడ్డుకుంటున్న వారి మీద, అందులోనూ పాఠశాల విద్యార్థులు ఉండగా, 2010 సెప్టెంబరు 30న పోలీసులు జలఫిరంగులు ప్రయోగించారు. వందమందికి పైగా గాయపడ్డారు; ఒక వృద్ధుడు దాదాపు పూర్తిగా చూపు కోల్పోయాడు. ఆ చర్య చట్టవిరుద్ధమని 2015లో న్యాయస్థానం తేల్చింది. 2010 డిసెంబరులో, అంటే ఫుకుషిమాకు మూడు నెలల ముందే, ఈఎన్‌బీడబ్ల్యూ విద్యుత్ సంస్థలో ఫ్రాన్స్‌కు చెందిన ఈడీఎఫ్ సంస్థ వాటాను రాష్ట్రం తరఫున దాదాపు 470 కోట్ల యూరోలకు కొనే ఒప్పందాన్ని మాప్పుస్ శాసనసభకు ముందుగా తెలియనివ్వకుండానే కుదుర్చుకున్నారు. సభను పక్కనపెట్టడం రాజ్యాంగ ఉల్లంఘన అని రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానం 2011 అక్టోబరులో ప్రకటించింది. ప్రజాధనానికి కాపలాదారైన సభనే లెక్కచేయని ప్రభుత్వం మీద ఓటరుకు ఆగ్రహం కలగడానికి సముద్రాల అవతల ప్రమాదం జరగనక్కరలేదు.

తరువాత జరిగినది కూడా నా వాదనకే బలమిస్తుంది. 2011 మే 12న ముఖ్యమంత్రి అయిన విన్‌ఫ్రీడ్ క్రెట్ష్‌మాన్, జర్మనీలో ఆ పదవి చేపట్టిన తొలి గ్రీన్స్ నాయకుడు, స్టేషన్ పథకానికి వ్యతిరేకి. ఆయన భాగస్వాములైన సోషల్ డెమొక్రాట్ల నాయకత్వం మాత్రం దానిని సమర్థించింది. తగవు తేల్చడానికి నవంబరు 27న ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే, పథకం నుంచి రాష్ట్రం వైదొలగరాదని సుమారు 59 శాతం మంది చెప్పారు. ఓడిన క్రెట్ష్‌మాన్ ఆ ఫలితాన్ని శిరసావహించారు. పాత ప్రభుత్వం లాఠీతో, జలఫిరంగితో సాధించాలనుకున్న స్టేషన్‌కు, అడిగే పద్ధతిలో అడిగేసరికి ప్రజలే అంగీకారం తెలిపారు.

ఇకముందు ఈ ఎన్నికల గురించి రాసేటప్పుడు ఫుకుషిమాతో పాటు పెరిగిన పోలింగ్ శాతాన్ని, శాసనసభను దాటవేసి జరిగిన వాటా కొనుగోలును, నవంబరు నాటి ప్రజాభిప్రాయ సేకరణను కూడా పాఠకుల ముందుంచవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు