ఎనిమిది నెలలు మొలల మందే ఇచ్చాను

సంపాదకుడు గారికి నమస్కారం.

పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణంలో ఇరవై రెండేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. చదివింది ఫార్మసీ డిప్లొమా. అయితే ఏ జబ్బుని జనం గట్టిగా చెబుతారో, దేన్ని దాచుకుంటారో కౌంటర్ వెనక నిలబడ్డవాడికి బాగా తెలుస్తుంది. సుగర్ మాత్రలు అందరి ముందూ అడుగుతారు. మొలల ట్యూబు కావాలంటే మాత్రం పక్కవాళ్లు వెళ్లిపోయేదాకా ఆగుతారు.

మా బావగారూ అలాగే ఆగేవారు. సొంత బావమరిది కొట్టే అయినా జనం పలచబడేదాకా సబ్బుల అర దగ్గర నిలబడి, "మొన్నటి ట్యూబే ఇంకోటి ఇవ్వవోయ్" అనేవారు. నేను పేపర్లో చుట్టి ఇచ్చేవాణ్ని. దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడుతోందంటే మొలలేనని ఆయన అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఎనిమిది నెలలు ఇచ్చాను. మధ్యలో ఒక క్లినిక్‌లో రెండుసార్లు చూపించుకున్నారు. అక్కడా బల్ల మీద పడుకోబెట్టి చూసినవాళ్లు లేరు, నోటిమాట విని మందు రాసి పంపారు. ఆయనకప్పుడు 51 ఏళ్లు. ఒకరోజు ప్యాంటు వదులైందని మేకుతో బెల్టుకి కొత్త చిల్లు పెట్టుకుంటుంటే మా అక్క చూసి నాకు ఫోన్ చేసింది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా పడిపోయి 7 ఉంది. అప్పుడు తీసుకెళ్లిన సర్జన్ గ్లౌజు వేసుకుని మలద్వారంలో వేలితో పరీక్ష చేశారు. నిమిషం కూడా పట్టలేదు. "గడ్డ వేలికి తగులుతోందండీ" అన్నారు.

పెద్దపేగు చివరన, వేలికి అందే దూరంలో ఉన్న క్యాన్సర్ గడ్డ అది. స్కానింగ్ చేసేసరికి కాలేయానికి కూడా పాకి ఉంది. కీమో, రేడియేషన్, ఆపరేషన్, పొట్ట మీద సంచి, అన్నీ అయ్యాయి. రెండేళ్లు బతికారు.

ఈమధ్య మా వీధికి ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త సర్వేకి వచ్చారు. నోట్లో పుండ్లున్నాయా, రొమ్ములో గడ్డలేమైనా తగిలాయా, తెల్లబట్ట అవుతోందా అని ఓపిగ్గా అడిగి రాసుకున్నారు. మంచి పని చేస్తున్నారు. పెద్దపేగు సంగతి అడగరా అమ్మా అంటే ఆ అమ్మాయి కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అది ఇందులో లేదండీ" అంది.

ఎందుకు లేదో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. ముప్పై దాటినవాళ్లందరికీ క్యాన్సర్ పరీక్షలు చేయాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఉన్నవి మూడే: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ఈ మూడింటికీ మన జనం మీదే ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాయి. కేరళలో తిరువనంతపురం చుట్టుపక్కల పంచాయతీల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించి, పొగాకు అలవాటున్నవాళ్లలో మరణాలు తగ్గించవచ్చని నిరూపించారు. ముంబై బస్తీల్లో రొమ్ము పరీక్ష మీద ఇరవై ఏళ్లు పనిచేశారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో లక్షా 31 వేల మంది పల్లెటూరి ఆడవాళ్లతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద ట్రయల్ చేశారు. జీవితంలో ఒక్కసారి, ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్‌ని పట్టే హెచ్‌పీవీ పరీక్ష చేసినా మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని 2009లో ప్రపంచానికి చెప్పింది ఆ పల్లెలే. ఉస్మానాబాద్ ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలోదే. పెద్దపేగు విషయంలో మాత్రం మన పల్లెల్లో అంత పెద్ద పరిశోధన జరిగినట్టు నేను ఎక్కడా చదవలేదు.

బయటి దేశాల్లో దీని మీద పని ఎప్పుడో మొదలైంది. అమెరికాలోని మిన్నెసోటాలో 46 వేల మందితో ట్రయల్ చేసి, ఏటా మలంలో రక్తం పరీక్ష చేస్తే ఈ క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని 1993లోనే ప్రకటించారు. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో నేరుగా కొలనోస్కోపీకే, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకే పిలిచి చూశారు. 2022లో ఆ ఫలితాలు వచ్చాయి. పిలిచినవాళ్లలో వచ్చింది 42 శాతమే. అయినా పదేళ్లలో క్యాన్సర్ 18 శాతం తగ్గింది.

మనకి అన్నిటికంటే పనికొచ్చేది స్పెయిన్ పరిశోధన అని నా అభిప్రాయం. అక్కడ కొందరిని కొలనోస్కోపీకి, కొందరిని 'ఫిట్' అనే మల పరీక్షకి పిలిచారు. పదేళ్ల తర్వాత లెక్క చూస్తే రెండువైపులా ఈ జబ్బు మరణాలు దాదాపు సమానం. ఫిట్ చేసేది చాలా తేలిక. అగ్గిపుల్లంత పుల్లతో మలాన్ని కొంచెం గీకి, చిన్న గొట్టంలో పెట్టి మూత బిగించి ఇస్తే సరిపోతుంది. పథ్యం అక్కర్లేదు, ఉపవాసం అక్కర్లేదు, ఎవరి ముందూ బట్టలు విప్పక్కర్లేదు. కంటికి కనిపించని రక్తాన్ని కూడా పట్టేస్తుంది. పాజిటివ్ వచ్చినవాళ్లే పొట్ట శుభ్రం చేసే పొడి రెండు లీటర్ల నీళ్లలో కలుపుకుని తాగి కొలనోస్కోపీకి వెళ్లాలి. పేగులో పాలిప్ అనే చిన్న కండ ఉంటే అప్పుడే తీసేస్తారు. అది క్యాన్సర్‌గా మారడానికి చాలావరకు పదేళ్లు పడుతుంది. అంటే మనకి దొరికే గడువు చిన్నదేం కాదు.

ఐరోపాతో పోలిస్తే మన దేశంలో ఈ జబ్బు చాలా తక్కువ, అందరికీ పరీక్షలంటే ఖర్చు దండగ అనే వాదన ఉంది. అది పూర్తిగా తప్పని నేననను. కానీ 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి దాదాపు 70 వేల మందికి ఇది కొత్తగా వస్తోంది, 40 వేల మంది చనిపోతున్నారు. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి తమ దగ్గరికి వచ్చిన 800 మంది రోగుల వివరాలు చూస్తే సగటు వయసు 47. మన దేశంలో చిన్నవయసువాళ్లు ఎక్కువ కాబట్టి సగటు తగ్గుతుందన్నా, యాభై దాటాక మొదలుపెడదాం అనే విదేశీ లెక్క మనకి అతకదు. అమెరికావాళ్లే 2021లో 45కి దించారు. మనం ఏ వయసులో మొదలుపెట్టాలి, ఎన్నేళ్లకోసారి చేయాలి అన్నది మనవాళ్ల మీద పరిశోధన చేస్తేనే తేలుతుంది.

అంతమందికి కొలనోస్కోపీ ఎవరు చేస్తారు అంటారు. థాయిలాండ్‌లోని లంపాంగ్ అనే ప్రాంతంలో 2011లో ఇదే మల పరీక్షతో పైలట్ నడిపారు. మనలాగే వరి పండించుకునే దేశం. పిలిచినవాళ్లలో దాదాపు 63 శాతం మంది వచ్చారు. పాజిటివ్ వచ్చింది నూటికి ఒకరికి. ఆ ఒక్కరికి కొలనోస్కోపీ చేయడం జిల్లా ఆసుపత్రికి మోయలేని భారం అవుతుందా?

చికిత్స పరిశోధనలు మన పేపర్లలో మొదటి పేజీకి ఎక్కుతాయి. 2022 జూన్‌లో డోస్టార్లిమాబ్ వార్త వచ్చిన వారంలో ఆ పేరు కాగితం మీద రాసుకుని నా కొట్టుకి ఎంతమంది వచ్చారో! మా అక్క కూడా అడిగింది. న్యూయార్క్‌లో ఆ మందు తీసుకున్న పురీషనాళ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ రోగులందరికీ గడ్డ కరిగిపోయిన మాట నిజం. కానీ ఒక ప్రత్యేక జన్యులోపం ఉన్న గడ్డల మీదే అది అలా పనిచేస్తుంది. అలాంటివి నూటికి పది కూడా ఉండవు. ఈ సంగతి వార్తలో ఓ మూలన ఉంది. బావగారి గడ్డ ఆ రకం కాదు. ఆయనకి ఎక్కించిన ఫోల్‌ఫాక్స్ కీమోలో మొదటి మందు ఫోలిక్ యాసిడ్ కుటుంబంలోదే. మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన ఫోలిక్ యాసిడ్. తన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోవడం చూసిన మనిషి ఆయన. ఆ సీసా వైపు చూస్తూ వార్డులో కూర్చున్నప్పుడు నాకిది పదేపదే గుర్తొచ్చేది.

మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకీ మీ పత్రిక ద్వారా నా విన్నపం. చెరో నాలుగైదు మండలాలు తీసుకుని, భారత వైద్య పరిశోధన మండలి అయిన ఐసీఎంఆర్‌ని కలుపుకుని, ఫిట్ పరీక్షతో సరైన ట్రయల్ ఒకటి మొదలుపెట్టండి. ఆశాలున్నారు, ఊరూరా క్లినిక్కులున్నాయి, సర్వే కాగితం చేతిలోనే ఉంది. ఆ ఫలితాలు వచ్చేలోగా ఒక్క ఆదేశం చాలు: నలభై దాటినవాళ్లు రక్తం పడుతోందని వస్తే వేలితో పరీక్ష చేయకుండా మొలలని రాయకూడదు. ఆరోగ్యశ్రీ అయినా, ఎన్టీఆర్ వైద్యసేవ అయినా ఎక్కువగా ఆదుకునేది జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరాకే. కొలనోస్కోపీ అయ్యేదాకా ఖర్చు ఎవరిదో కూడా తేల్చండి.

నా వరకు నేను ఇప్పుడు రెండో ట్యూబు ఊరికే ఇవ్వడం లేదు. ఎన్నాళ్ల నుంచి, బరువు తగ్గారా, ఎవరైనా చూశారా అని పక్కకి పిలిచి అడుగుతున్నాను. గత నెలలో ఒక లారీ డ్రైవర్‌కి ఇలాగే చెప్పి పంపాను. వెళ్లాడు. ఇక్కడ కొలనోస్కోపీ మిషను లేదు, పెద్దాసుపత్రికి పొమ్మన్నారట. "రెండు రోజుల డ్యూటీ పోతుంది సార్, ఈసారికి ట్యూబు ఇచ్చేయండి" అన్నాడు. ఇవ్వలేదు. వేరే షాపులో కొనుక్కున్నాడేమో తెలియదు, మళ్లీ నా దగ్గరికి రాలేదు.

ఇట్లు,
మెడికల్ షాపు నడిపే ఒక పాఠకుడు,
పశ్చిమ గోదావరి జిల్లా