మిలిటరీ పేరు వాడుకుంటే మిలిటరీ రూల్సు కూడా పాటించండి

సంపాదకుల గారికి నమస్కారం.

జూన్ వచ్చిందంటే మా విజయనగరం జిల్లాలో ఏ సెంటర్‌లో చూసినా ప్రైవేటు స్కూళ్ళ ఫ్లెక్సీలే. ర్యాంకుల ఫొటోల కింద ఇప్పుడు కొత్తగా ఇంకో మాట చేర్చారు, "మిలిటరీ క్రమశిక్షణ" అని. ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరై పెన్షన్ మీద బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఆ మాట కనపడినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది. అందుకే ఈ ఉత్తరం.

మా వైపు ఈ మాట ఎందుకు అమ్ముడుపోతుందో నాకు తెలుసు. కోరుకొండ సైనిక్ స్కూల్ మాకు పక్కనే, 1962 నుంచి ఉంది, ఆ గేటు ముందు నుంచి వెళ్ళే ప్రతి తండ్రీ మావాడు ఇందులో చదివితే బాగుణ్ణు అనుకుంటాడు. సీటు అందరికీ రాదు కదా. రానివాళ్ళ కోసం ఈ ప్రైవేటు స్కూళ్ళవాళ్ళు వారానికోరోజు పిల్లలకి మిలిటరీ రంగు చొక్కాలు తొడిగి, పీఈటీ చేతికి ఒక విజిలూ ఒక బెత్తమూ ఇచ్చి, దానికి ఫీజులో ఇంకో లైను కలుపుతున్నారు.

మా వీధిలో ఏడో తరగతి చదివే బాబు ఒకడున్నాడు, వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. టై ఎలాస్టిక్ తెగిపోతే వాళ్ళమ్మ పిన్నీసు పెట్టి పంపింది. అసెంబ్లీలో అందరి ముందూ ఆ పిన్నీసు లాగి చూపించి, ప్రేయర్ అయ్యేదాకా గోడకుర్చీ వేయించారు. సాయంత్రం ఇంటికొచ్చి మెట్లు ఎక్కలేక ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ ఎక్కాడు. అడుగుదామని తండ్రితో పాటు నేనూ వెళ్ళాను. కరస్పాండెంటు గారు ఏసీ గదిలో చొక్కా బయటికి వదిలేసి, చెప్పులతో కూర్చుని, "మీరు ఆర్మీ మనిషి, డిసిప్లిన్ గురించి మీకు మేం చెప్పాలా అంకుల్" అన్నారు. నాకు చెప్పక్కర్లేదు గానీ ఆయనకి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి, ఆ గదిలో మాట పెగల్లేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ఆర్మీ చట్టం 1950లో సెక్షన్ 47 అని ఒకటి ఉంది. తన కింద పనిచేసేవాడి మీద చెయ్యి చేసుకున్నా, మరో రకంగా హింసించినా, ఆఫీసరైనా, ఆఫీసర్ల కింద ఉండే జేసీవో అయినా, ఆ కింద నాలాంటి హవల్దారైనా సరే కోర్టు మార్షల్‌లో, అంటే మిలిటరీ కోర్టు విచారణలో, ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. అంటే తుపాకీ పట్టే ఎదిగిన మనిషిని కొట్టడం మిలిటరీలో నేరం. ఇక్కడ పన్నెండేళ్ళ పిల్లాణ్ణి కొట్టి దానికి మిలిటరీ పేరు పెడుతున్నారు! విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 17 కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, నిజమే, కానీ అందులో శిక్ష అంటూ రాసింది సర్వీసు రూల్స్ ప్రకారం క్రమశిక్షణ చర్య అనే. ప్రైవేటు స్కూల్లో ఆ సర్వీసు రూల్స్ ఎవరు తెరిచి చూస్తారు? పైగా ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకే వర్తిస్తుంది, ఇంటర్ హాస్టళ్ళలో ఉండే పదహారేళ్ళ పిల్లలకి ఆ సెక్షన్ అండ కూడా లేదు.

ఆర్మీలో పనిష్మెంట్లు లేవా అని అడగొచ్చు. ఎందుకు లేవు, ఉన్నాయి. ట్రైనింగ్ సెంటర్లో ఉస్తాద్, అంటే మాకు డ్రిల్ నేర్పేవాడు, "రగ్డా" అనే పనిష్మెంటు ఇచ్చాడంటే ఎండలో ఫ్రంట్ రోల్స్ కొట్టి కొట్టి మోచేతులు దోక్కుపోయేవి. హద్దు మీరే ఉస్తాదులు లేరని నేను అనను. కానీ అది పదిహేడున్నర దాటి, మెడికల్ పాసై, ఇష్టపడి సంతకం పెట్టి వచ్చినవాళ్ళకి. ఇంకో సంగతి, తెల్లవారుజామున మేం కళ్ళు నులుముకుంటూ ఫాలిన్‌కి, అంటే వరసలో నిలబడడానికి, వచ్చేసరికి ఆ ఉస్తాద్ అప్పటికే బెల్టు బకిల్ బ్రాసో అనే ఇత్తడి పాలిష్ పెట్టి తుడిచి, మడత నలగని డ్రెస్సులో నిలబడి ఉండేవాడు. పరుగులో మాకంటే ముందు ఉండేవాడు. బూటు పాలిష్ నాకు నేర్పింది ఆయనే, పక్కన కూర్చుని, గుడ్డ వేలికి బిగించి చుట్టి, కాస్త పాలిష్, మీద ఒక్క నీటి చుక్క, బూటు ముక్కు మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ ముఖం కనపడేదాకా. చేసి చూపించాకే మమ్మల్ని చెయ్యమన్నాడు. మన స్కూళ్ళలో టై కట్టడం పిల్లాడికి నేర్పినవాళ్ళని ఒక్కర్ని చూపించండి, అన్నీ ఎలాస్టిక్ టైలేగా.

సిపాయికి అన్యాయం జరిగితే పై అధికారికి ఫిర్యాదు చేసుకునే హక్కు ఆ ఆర్మీ చట్టంలోనే సెక్షన్ 26లో ఉంది. అది కాక యూనిట్లో సైనిక్ సమ్మేళన్ అని అందరి సమావేశం జరుగుతుంది, యూనిట్ కమాండరు సీవో సాబ్ ముందు జవాను లేచి తన కష్టం చెప్పుకోవచ్చు. అందరూ లేస్తారా అంటే లేవరు, భయం అక్కడా ఉంటుంది, కానీ ఆ వేదిక ఉందని అందరికీ తెలుసు. స్కూల్లో ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి "సార్, పీఈటీ గారు కొడుతున్నారు" అనడానికి ఏ రోజు, ఏ చోటు ఉంది? పేరెంట్స్ మీటింగులో మార్కులే మాట్లాడతారు.

ఇక యూనిఫాం. నేను యూనిఫాంకి వ్యతిరేకం కాదు. పల్లెటూళ్ళలో గవర్నమెంటు స్కూలు పిల్లలకి అదే మంచి బట్ట, పెళ్ళికి కూడా దానితోనే వచ్చే పిల్లలున్నారు. ప్రభుత్వం ఇచ్చే యూనిఫాం కిట్టుని 2020లో విద్యా కానుక అన్నారు, తర్వాత విద్యార్థి మిత్ర అన్నారు, ఎవరు ఏ పేరు పెట్టుకున్నా పిల్లాడి ఒంటి మీదికి గుడ్డ వస్తోంది, సంతోషం. ఆర్మీ కూడా అంతే, యూనిఫాం తనే ఇస్తుంది, 2017లో కింది ర్యాంకులకి ఏడాదికి 10,000 రూపాయల డ్రెస్ అలవెన్సు కూడా పెట్టారు. మన ప్రైవేటు స్కూళ్ళు తిరగేసి, యూనిఫాంని ఆదాయం చేసుకున్నాయి. రెండు మూడేళ్ళకోసారి గళ్ళ రంగు మారుస్తారు, అన్న చొక్కా తమ్ముడికి పనికి రాకుండా. ఫలానా షాపులోనే కొనాలి, లేకపోతే లోగో దొరకదు.

2022 జనవరి 15న ఆర్మీ డే పరేడ్‌లో కొత్త కంబాట్ యూనిఫాం చూపించారు. ఎందుకు మార్చారంటే తొడుక్కునేవాడి కోసం. ఫ్యాషన్ డిజైన్ నేర్పే ప్రభుత్వ సంస్థ నిఫ్ట్ వాళ్ళతో డిజైన్ చేయించి, గుడ్డ తేలిక చేసి, చొక్కా లోపలికి దోపే పని లేకుండా తీర్చారు. కంటోన్మెంట్లలో సాయంత్రం అయితే దోమలకి భయపడి చొక్కా చేతులు కిందికి దించమని ఆర్డరు ఉంటుంది, అంటే వాతావరణాన్ని బట్టి డ్రెస్సు. మనం జూన్ ఎండలో రేకుల షెడ్డు క్లాసులో పిల్లలకి టై, బెల్టు, పాలిస్టర్ సాక్సు, బూట్లు బిగించి దాన్ని డిసిప్లిన్ అంటున్నాం.

ఇంకోటి కూడా చెప్పాలి. 2023 ఆగస్టు 1 నుంచి బ్రిగేడియర్, ఆ పై ర్యాంకుల వాళ్ళందరికీ ఒకే యూనిఫాం పెట్టారు, రెజిమెంటు టోపీలూ, భుజానికి వేలాడే లాన్యార్డు తాళ్ళూ పక్కన పెట్టేశారు. ఏళ్ళ తరబడి ప్రాణంగా చూసుకున్న రెజిమెంటు గుర్తుని వదులుకోవడం చిన్న విషయం కాదు, ఆ బాధ మాకు తెలుసు. అయినా పైవాళ్ళే ముందు వదులుకున్నారు. మన దగ్గర రూల్సన్నీ బెంచీల దాకానే, స్టాఫ్ రూము గడప దాటి లోపలికి వెళ్ళవు.

విద్యాశాఖ వారిని అడిగేది పెద్ద కోరికలేం కాదు. ఏ స్కూలూ ఐదేళ్ళలోపు యూనిఫాం మార్చకూడదని గట్టిగా ఒక జీవో ఇవ్వండి, ఏ షాపులోనైనా కొనుక్కోనివ్వండి. కొట్టడం మీద నిషేధాన్ని జూనియర్ కాలేజీలకీ, వాటి హాస్టళ్ళకీ కూడా స్పష్టంగా వర్తింపజేయండి. నెలకి ఒక గంట పిల్లలు మాట్లాడే, పెద్దలు వినే సమావేశం పెట్టండి, ఎంఈవో గారు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటే ఇంకా మంచిది. ఇవి పాటించలేని స్కూళ్ళు ఆ ఫ్లెక్సీల మీద మిలిటరీ మాట చెరిపేయాలి. పాటిస్తామనే స్కూళ్ళకి డ్రిల్ నేర్పేవాళ్ళు కావాలంటే మా జిల్లాలో మాజీ సైనికులం చాలామందిమి ఉన్నాం. పిలిస్తే వారానికో గంట వచ్చి నేర్పుతాం, ఫీజు వద్దు, బెత్తం వద్దు.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
విజయనగరం జిల్లా