బెస్ట్ ఫీల్డర్ కప్పుకు అబిద్ అలీ పేరు పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ క్రీడల పేజీలో ఆల్‌రౌండర్ల మీద వచ్చిన కథనం చదివాను. కపిల్‌దేవ్ ఉన్నాడు, జడేజా ఉన్నాడు, హార్దిక్ ఉన్నాడు, మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టిన మన నితీశ్‌కుమార్ రెడ్డి కూడా ఉన్నాడు, సంతోషం. సయ్యద్ అబిద్ అలీ పేరు మాత్రం ఎంత వెతికినా కనపడలేదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, అక్కడి నుంచే టీమిండియాకు పోయిన మనిషి. ఆయన గురించి తెలుగు పేపర్ రాయకపోతే ఇంకెవరు రాస్తారండీ? 2025 మార్చిలో ఆయన కాలిఫోర్నియాలో చనిపోయినప్పుడు కూడా మా దగ్గర క్రికెట్ ఆడే పిల్లల్లో చాలామందికి ఆయనెవరో తెలియదు.

లెక్కలు మాత్రమే చూస్తే పిల్లలు పెదవి విరుస్తారు, నాకు తెలుసు. 29 టెస్టులు, 1018 పరుగులు, 47 వికెట్లు, ఒక్కో వికెట్‌కు 42 పరుగులు. సెంచరీ లేదు. కానీ ఆ రోజుల్లో మన జట్టు ఎట్లా ఆడేదో తెలిస్తే ఈ లెక్క వేరేగా కనిపిస్తుంది. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్, ఈ నలుగురు స్పిన్నర్లే మన బలం. వాళ్లకు పాత బంతి కావాలి. కొత్త బంతి తీసుకుని నాలుగు ఓవర్లు వేసి, మెరుపు పోగొట్టి, బంతిని స్పిన్నర్ చేతికిచ్చి తాను పోయి దగ్గర్లో ఫీల్డింగ్‌కు నిలబడాలి, ఆ పని అబిద్ అలీది. తర్వాత బ్యాటింగ్‌లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపేవాళ్లు, ఒకసారి ఓపెనింగ్‌కు, ఇంకోసారి ఏడుకో ఎనిమిదికో. నాకు ఈ నంబరే కావాలని పట్టుబడితే ఆ జట్టులో నడవదు. ఇప్పుడు స్కోర్‌కార్డు తిరగేసేవాళ్లకు ఇదంతా ఎక్కడ కనిపిస్తుంది?

బంతి చేతికిచ్చిన రోజు ఏం చేయగలడో మొదటి టెస్టులోనే చూపించాడు. 1967 డిసెంబర్, అడిలైడ్, ఆస్ట్రేలియా మీద తొలి ఇన్నింగ్స్‌లో 55 పరుగులకు 6 వికెట్లు. అదే సిరీస్‌లో సిడ్నీ టెస్టులో 78, 81. ఆ సిరీస్‌లో మనం అన్ని టెస్టులూ ఓడాం కాబట్టి ఎవరికీ గుర్తు లేదు, ఓడిపోయిన సిరీస్‌లో ఆడినోడి కష్టం అంతే, లెక్కలోకి రాదు.

1971 మాత్రం ఎవరూ మరిచిపోకూడదు. ఆ ఏడాది వెస్టిండీస్ వెళ్లిన జట్టులో హైదరాబాద్ వాళ్లే ఐదుగురు: జయసింహ, అబిద్ అలీ, జయంతిలాల్, కృష్ణమూర్తి, గోవిందరాజ్. ఇప్పుడు ఊహించగలమా! పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో గవాస్కర్ గెలుపు పరుగు తీస్తున్నప్పుడు అవతలి ఎండ్‌లో ఉన్నది అబిద్ అలీ. చివరి టెస్టులో వెస్టిండీస్ దిగ్గజాలు కన్హాయ్‌ని, సోబర్స్‌ని వరుస బంతుల్లో బౌల్డ్ చేశాడు. కాసేపు ఆగి ఆ రెండు పేర్లు మళ్లీ చదవండి. తర్వాత ఇంగ్లండ్ టూర్‌లో మాంచెస్టర్ టెస్టు మొదటి రోజు లంచ్‌లోపు ఇంగ్లండ్ 41 పరుగులకు 4 వికెట్లు పోగొట్టుకుంటే నాలుగూ ఈయనకే.

ఇక అదే టూర్‌లో లండన్‌లోని ఓవల్ టెస్టు. ఆగస్టు 24, వినాయక చవితి. ఇంగ్లండ్‌ను చంద్రశేఖర్ 101కే కూల్చాడు, మనకు కావాల్సింది 173. స్కోరు 170 మీద విశ్వనాథ్ ఔటయ్యాడు. మూడు పరుగులే అంటారు గానీ, ఇంగ్లండ్ గడ్డ మీద అప్పటిదాకా ఒక్క టెస్టు కూడా గెలవని జట్టుకు ఆ మూడు పరుగుల టెన్షన్ ఎంతుంటుందో ఆలోచించండి. అబిద్ అలీ వచ్చాడు, లక్‌హర్స్ట్ బంతిని బౌండరీకి కొట్టాడు, మ్యాచూ సిరీసూ రెండూ మనవి. జనం గ్రౌండ్‌లోకి ఉరికి ఆయన్ని భుజాలకెత్తుకున్నారు.

1975 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్ మీద కూడా మనవైపు ఎక్కువ పరుగులు చేసింది ఆయనే, 70. పైగా రెండు వికెట్లు. ఓడిపోయాం. ఆ తర్వాత ఆయన్ని ఇండియాకు మళ్లీ తీసుకోలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నేను అసలు చెప్పదలచుకున్నది వేరే ఉంది. ఆయన్ని 1956లో హైదరాబాద్ స్కూల్స్ జట్టుకు ఎంపిక చేసింది బ్యాటింగ్ చూసి కాదు, బౌలింగ్ చూసి కాదు. ఫీల్డింగ్ చూసి. ఆ ఏడాది బెస్ట్ ఫీల్డర్ బహుమతి కూడా కొట్టాడు. అక్కడి నుంచి బ్యాంకు జట్టులో ఉద్యోగం, రంజీ, ఇండియా. అంటే ఫీల్డింగ్‌ను గమనించే సెలెక్టర్లు ఆ రోజు అక్కడ లేకపోతే ఈ కథే లేదు.

మరి మా నల్లగొండలో ఎట్లా ఉంది? ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో గానీ, మండలాల్లో పండగ సెలవులకు పెట్టే టోర్నమెంట్లలో గానీ బహుమతులు చూడండి. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్, బెస్ట్ బ్యాట్స్‌మన్, బెస్ట్ బౌలర్, చివరికి ఎక్కువ సిక్సర్లు కొట్టినోడికి కూడా కప్పు ఉంటుంది. ఫీల్డర్‌కు ఏమీ ఉండదు. మొన్నటి సెలవుల్లో ఒక మ్యాచ్‌లో అంపైరింగ్ చేస్తుంటే ఒక పిలగాడు, ఇంటర్ చదివే వయసు, డీప్ పాయింట్‌లో నిలబెట్టారు, బౌండరీ దగ్గరంతా కంకర, పల్లేరుకాయలు, కాళ్లకు అరిగిపోయిన కాన్వాస్ బూట్లు. అడ్డంగా ఉరికి, ఒక్క చేత్తో బంతి ఆపి, లేవకుండానే మోకాళ్ల మీది నుంచి నేరుగా కీపర్ చేతికి విసిరాడు, బ్యాట్స్‌మన్ రనౌట్. మోచేయి గీసుకుపోయి రక్తం వస్తోంది, ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ తన చోటుకు పోయాడు. వాళ్ల జట్టు గెలిచింది. ఆ పిలగాడికి బ్యాటింగ్ చేసే అవకాశం రాలేదు, బౌలింగ్ ఇవ్వలేదు, ప్రైజులప్పుడు వాడి పేరు ఎవరూ పిలవలేదు. ఇట్లాంటి వాళ్లు రెండు సీజన్లు ఆడి మానేస్తారు. మానేసినట్టు కూడా ఎవరికీ తెలియదు.

భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్‌లో 309 పరుగులు చేసి 7 వికెట్లు తీసింది. జిల్లాల్లో పిల్లలకు సత్తా లేదని ఇంక ఎవరూ అనలేరు, చూసే కళ్లే కావాలి.

కాబట్టి నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట జిల్లాల్లో టోర్నమెంట్లు పెట్టే వాళ్లందరికీ మీ పత్రిక ద్వారా నా విన్నపం. ఈ సీజన్ నుంచి బెస్ట్ ఫీల్డర్ బహుమతి పెట్టండి, దానికి సయ్యద్ అబిద్ అలీ పేరు పెట్టండి. పెద్ద ఖర్చేం కాదు, ఒక ఫ్లెక్సీ తగ్గిస్తే కప్పు వస్తుంది. ఎవరికివ్వాలో తేల్చడానికి స్కోరర్ పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి క్యాచ్‌లు, రనౌట్లు, ఆపిన బౌండరీలు రాయిస్తే చాలు, ఆ పని నల్లగొండలో నేనే చేస్తాను. మీరు కూడా ఒక ఆదివారం ఆయన కెరీర్ మీద పూర్తి పేజీ వేయండి, ఓవల్ ఫొటోతో సహా. ప్రతి టోర్నమెంట్‌లో టాస్‌కు ముందు ఆ పేజీని పిల్లలకు చదివి వినిపిస్తాం.

ఇట్లు,
ఒక క్రికెట్ అభిమాని,
రామగిరి, నల్లగొండ