ఎమ్డెన్ సంగతి బొగ్గు దగ్గర్నుంచి చెప్పాలండి

ఎడిటర్ గారికి నమస్కారమండి.

పోయిన ఆదివారం మీ పేపర్లో మొదటి ప్రపంచయుద్ధంలో, 1914లో మద్రాసు మీద ఫిరంగి గుళ్ళు కురిపించిన జర్మనీ ఓడ ఎమ్డెన్ గురించి వేశారు, చాలా సంతోషం, కానీ దాన్ని భారీ యుద్ధనౌక అన్నారు చూడండి అది తప్పు. అది లైట్ క్రూయిజర్, అంటే చిన్నసైజు, వేగంగా పోయే యుద్ధనౌక, పొడవు 118 మీటర్లు, బరువు 3,600 టన్నుల పైచిలుకు, ఉన్నవి 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు పది. ఇంకోటి, కాకినాడ మీద బాంబులేసింది కూడా అదే అని మా వైపు ఇప్పటికీ అనేవాళ్ళున్నారు, కాదండి, అది 1942 ఏప్రిల్ 6న వచ్చిన జపాన్ విమానాలు, రెండింటికీ 28 ఏళ్ళ తేడా ఉంది.

నేను మండపేట దగ్గర రైస్ మిల్లులో 31 ఏళ్ళు బాయిలర్ ఫైర్‌మన్‌గా చేశాను. అందుకే నాకు ఈ ఓడ కథలో దాని కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ తెలివి ఎంత కనిపిస్తుందో దాని బాయిలర్లూ అంతే కనిపిస్తాయి. దీని జోడీ ఓడ డ్రెస్డెన్‌కి టర్బైన్లు (ఆవిరితో చక్రాలు తిరిగే కొత్త రకం ఇంజన్లు) పెట్టారు, దీనికి మాత్రం పాత పిస్టన్ ఇంజన్లే, జర్మనీ క్రూయిజర్లలో ఆ రకం ఇంజన్లతో కట్టింది ఇదే ఆఖరు. 12 బాయిలర్లు, అన్నీ బొగ్గువే. అంటే ఎక్కడికెళ్ళినా బొగ్గు వెతుక్కోవాలి, నడిసముద్రంలో ఇంకో ఓడ పక్కన కట్టి మనుషులే మోసి నింపుకోవాలి, ఆ ఎండలో ఆ మసిలో.

సెప్టెంబర్ 10న మన బంగాళాఖాతంలో గ్రీకు ఓడ ఒకటి దొరికింది, పొంటోపోరోస్ అని, నిండా మన ఇండియా బొగ్గు. దొరికిందే గానీ అది నాసిరకం, పొగెక్కువ వేడి తక్కువ. మా మిల్లులో వానాకాలం తడి ఊక వస్తే ఇదే బాధ, పొయ్యిలో మంట ఎర్రగా ముసురుకుంటుంది, చిమ్నీ నల్లగా కక్కుతుంది, గేజ్ ముల్లు కళ్ళ ముందే దిగిపోతుంది, అవతల ఉప్పుడు బియ్యం డ్రమ్ములకి స్టీమ్ చాలక మేస్త్రి పరిగెత్తుకొస్తాడు. మిల్లులో అయితే తిట్లతో పోయేది, దాక్కుని తిరిగే ఓడకి ఆ పొగే ప్రాణం మీదకి తెస్తుంది కదండీ. నెలాఖర్లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) అవతల బురెస్క్ అనే ఓడ మేలురకం కార్డిఫ్ బొగ్గుతో దొరికాక గానీ వాళ్ళకి ఊపిరాడలేదు.

మీ ఫొటోలో మూడు పొగగొట్టాలున్నాయి, రాతలో నాలుగన్నారు. రెండూ నిజమేనండి, నాలుగోది ఉత్తుత్తిది, చెక్కా గుడ్డా పెట్టి లేపారు, దూరం నుంచి ఇంగ్లీషువాళ్ళ యుద్ధనౌక యార్మత్ అనుకోవాలని. ఆ వేషంతోనే 20కి పైగా సరుకు ఓడల్ని పట్టారు. కాబింగా అనే ఓడ కెప్టెన్ భార్యాబిడ్డతో ఉన్నాడని దాన్ని ముంచకుండా, మిగతా ఓడల జనాన్నంతా అందులోకెక్కించి వదిలేశారు, వెళ్తూ వెళ్తూ వాళ్ళు ముల్లర్‌కి జేజేలు కొట్టారట, ఇది మీరు రాయలేదు, రాయాల్సిందండి. సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవులో లైట్లన్నీ వెలుగుతున్నాయి, అరగంట లోపే 100కి పైగా గుళ్ళు వేసి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి వెళ్ళిపోయారు.

ఆఖరున నవంబర్ 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ తగులుకుంది. మీరు "పెద్ద ఫిరంగుల వల్ల ఓడిపోయింది" అని ఒక్క లైన్లో తేల్చేశారు. ఫిరంగులు పెద్దవే, 15 సెంటీమీటర్లవి, స్పీడూ ఎక్కువే. కానీ ఆ గుళ్ళకి ఎమ్డెన్ పొగగొట్టాలు ఒక్కోటీ కూలిపోయాయి, మూడుకి మూడూ. గొట్టం పోతే పొయ్యికి గాలి లాగదు, గాలి లాగకపోతే ఎంత మంచి బొగ్గేసినా మంట లేవదు, స్టీమ్ పడిపోతుంది, స్పీడ్ చచ్చిపోతుంది. 130 మందికి పైగా పోయారు. ముల్లర్ ఓడని నార్త్ కీలింగ్ దీవి రాళ్ళ మీదకి ఎక్కించేశాడు, మునిగితే మిగిలినవాళ్ళు కూడా పోతారని. ఆ టైములో కింద బాయిలర్ల దగ్గర పార పట్టుకుని నిలబడ్డవాళ్ళ గురించి రెండు లైన్లయినా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బాయిలర్ ఫైర్‌మన్, మండపేట దగ్గర